ఇల్లూ ఆయనదే, పనీ ఆయనదే

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుకుంటోంది. సాల్టైర్ అనే ఊరి ఫొటోలు పంపింది. టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని తన కార్మికుల కోసం కట్టించిన ఊరట. లాభం లేనిదే ఏ యజమాని అయినా ఇళ్లు కట్టిస్తాడా?
– ఒక పాఠకురాలు

జవాబు: నాకూ అదే అనుమానం ఉండేదమ్మా. నేను మిల్లు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. మెషీన్‌లో చెయ్యి నలిగి మా నాన్న పనికి పోలేకపోయిన నెలలోనే ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. బిందెలూ ట్రంకుపెట్టే బండికెక్కించిన ఆ సాయంత్రం ఇంకా కళ్ల ముందే ఉంది. అందుకే సాల్ట్ గురించి చదివినప్పుడు నేను వెతికింది ఒక్కటే: పని చెయ్యలేనివాళ్లను ఆయన ఏం చేశాడు?

1803లో లీడ్స్ దగ్గర మోర్లీలో పుట్టాడు. తండ్రితో కలిసి ఉన్ని వ్యాపారం చేశాడు. 1836లో లివర్‌పూల్‌ గోదాములో ఎవరూ కొనక మూలపడ్డ అల్పాకా (దక్షిణ అమెరికాలో ఒంటె జాతి జంతువు) ఉన్ని మూటలు ఆయన కంట పడ్డాయి. పొడుగాటి పీచు, చేతిలోంచి జారిపోతుంది. దాన్ని వడకడానికి చాలా తంటాలు పడ్డాడు. చివరికి నూలు పడుగులో అల్పాకా పేక వేసి నేయిస్తే పట్టులా మెరిసే గుడ్డ వచ్చింది. ఆడవాళ్లు గౌన్లకు ఎగబడి కొన్నారు. ఆస్తిలో చాలా భాగం అక్కణ్ణుంచి వచ్చిందే.

ఆయన మిల్లులున్న బ్రాడ్‌ఫర్డ్ ఊరి నిండా అప్పట్లో మిల్లు పొగ, మురుగు. 1849లో కలరా వచ్చింది. ఆయన మేయర్‌గా చేసింది ఆ రోజుల్లోనే. పొగ తగ్గించే పరికరాలు తన మిల్లుల్లో పెట్టించాడు, తోటి యజమానులు వినలేదు. దాంతో ఊరి బయట, ఏర్ నది ఒడ్డున కొత్త మిల్లు కట్టాడు. 1853 సెప్టెంబర్ 20న, తన 50వ పుట్టినరోజున, ప్రారంభించాడు. పక్కనే కాలువ, రైలు మార్గం. అక్కడ ఆయన లాభం ఉంది, కాదనను. ఆ మిల్లు పక్కన కట్టించిన ఊరే సాల్టైర్. అక్కడి 800 పైచిలుకు ఇళ్లకు అద్దె కూడా తీసుకున్నాడు. సారా కొట్టు పెట్టనివ్వలేదు. వీధుల్లో బట్టలు ఆరేస్తే ఒప్పుకునేవాడు కాదు. అది పెత్తనమే. కానీ ఉతుక్కోవడానికి ఆవిరి యంత్రాలతో చాకిరేవు లాంటి భవనం కట్టించి ఇచ్చాడు. ఇంటింటికీ నీళ్లు, గ్యాస్ దీపం, విడిగా మరుగుదొడ్డి కూడా. వాన దేశంలో తడి బట్టలు ఇంట్లోనే ఆరేసుకుని దగ్గే పిల్లల తల్లికి ఆ భవనం విలువ తెలుస్తుంది.

ఇక నేను వెతికిన సంగతి. ముసలితనం వల్లో జబ్బు వల్లో పని చెయ్యలేనివాళ్ల కోసం, 1868లో 45 చిన్న ఇళ్లు కట్టించాడు. అద్దె లేదు. పైగా ఒంటరివాళ్లకు వారానికి ఏడున్నర షిల్లింగులు, దంపతులకు పది. సత్ప్రవర్తన ఉండాలని షరతు పెట్టాడు, ఆ షరతు నాకు నచ్చదు. అయినా చెయ్యి పడిపోయిన మనిషి తల దాచుకోవడానికి ఆ ఊళ్లో ఒక చోటుండేది. 1876లో ఆయన పోయినప్పుడు శవయాత్ర చూడటానికి లక్షమంది దాకా రోడ్ల మీదికొచ్చారంటారు.

మీ అమ్మాయి మళ్లీ వెళ్తే ఆ 45 ఇళ్ల ఫొటో ఒకటి తియ్యమనండి, నాకు పంపండి. మా నాన్న ఫొటో పక్కన పెట్టుకుంటాను.