టెక్సస్ చరిత్ర రాయబోతున్న సింధుకి పెద్దమ్మ

సింధూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, ఉన్న ఉద్యోగం మానేసి ఆస్టిన్‌లో పీహెచ్‌డీ అంటోంది, అదీ మెక్సికన్ అమెరికన్ల చరిత్రట, దీనికి ఇదేం పిచ్చి అక్కా అని ఒకటే ఏడుపు. దాన్ని ఎలాగో సముదాయించాను గానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళు లైబ్రరీలో నేను దుమ్ము దులిపి సర్దిన పుస్తకాల పక్కన మా ఇంటి పిల్ల పుస్తకం ఒకటి నిలబడుతుందంటే నాకెంత గర్వంగా ఉంటుందో నీకు తెలీదు. అంత భయంగానూ ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఐదేళ్ళ ఫండింగ్ కాగితం మీద ఉందో లేదో చూసుకో. స్పానిష్ ఇప్పుడే మొదలుపెట్టు, ఫోన్‌లో యాప్ చాలదు, మనిషి దగ్గర నేర్చుకో.

ఇక చదువు. కేరెన్ లియొనార్డ్ 1992లో రాసిన పుస్తకం ఒకటుంది, కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో పంజాబీ రైతులు మెక్సికన్ ఆడవాళ్ళను పెళ్ళి చేసుకుని కాపురాలు పెట్టిన చరిత్ర. నువ్వు ముందు దాని మీదే పడతావని నాకు తెలుసు, మనదేశం వాళ్ళు ఉన్నారు కదా అని. తప్పకుండా చదువు, కానీ దానితో మొదలుపెట్టకు. మనవాళ్ళు కనిపించిన చోటే మనకి ఆసక్తి పుడితే మిగతా వాళ్ళ కథ పక్క వాయిద్యం అయిపోతుంది. 1848 నుంచి మొదలుపెట్టు. అమెరికా, మెక్సికో యుద్ధాన్ని ముగించిన గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంతో ఉన్న ఇంట్లోనే ఉండి దేశం మారిపోయిన కుటుంబాలు ఈ మెక్సికన్ అమెరికన్లలో ఎన్నో. నిన్నగాక మొన్న వచ్చారని మన పార్టీల్లో ఎవరైనా అంటే ఊరుకోకు. తర్వాత అమెరికో పరేదెస్ 1958లో తెచ్చిన పుస్తకం చదువు. గ్రెగోరియో కోర్టెజ్ అనే అతను 1901లో షెరీఫ్‌ని కాల్చి, టెక్సస్ రేంజర్లనే ఆ రాష్ట్ర పోలీసు దళానికి దొరక్కుండా తిరిగాడు. మనకి అల్లూరి మీద పాటలున్నట్టు అతని మీద సరిహద్దు జనం కట్టుకున్న పాట గురించి ఆ పుస్తకం. ఆ తర్వాత మెక్సికన్ అమెరికన్ల చరిత్ర మీద అకూన్యా రాసిన 'ఆక్యుపైడ్ అమెరికా', పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ యూనియన్ల మీద విక్కీ రూయిజ్ 1987లో రాసింది.

ఇప్పుడు అసలు విషయం, దీన్ని రెండుసార్లు చదువు.

1950ల చివర, 60ల మొదట్లో కొందరు ఆంత్రపాలజిస్టులు, అంటే జనం మధ్య ఉండి వాళ్ళ బతుకు తీరు రాసుకునేవాళ్ళు, అక్కడి మెక్సికన్ అమెరికన్ల మీద రాయడానికి దక్షిణ టెక్సస్ హిడాల్గో కౌంటీకి వెళ్ళారు. చెడ్డవాళ్ళేం కాదు, చదువుకున్నవాళ్ళు, కష్టపడ్డవాళ్ళు. వాళ్ళలో ఒకడైన విలియం మాడ్సెన్ పుస్తకం 1964లో వచ్చింది. ఈ జనం అంతా దేవుడి చిత్తం అనుకుని తల వంచుకునే రకం అని అందులో చదివితే, నువ్వైనా నేనైనా నిజమే కాబోలు అనుకుంటాం. ఆ మాట క్లాసుల్లో పాఠమైంది, దాన్నే చూసి టీచర్లూ నర్సులూ ఆ పిల్లల్ని అంచనా వేశారు. 1968లో ఆక్టావియో రొమానో అనే మెక్సికన్ అమెరికన్ ఆంత్రపాలజిస్టు దీన్ని చీల్చి చెండాడాడు, మీ రాతల్లో ఈ జనానికి చరిత్రే లేకుండా చేశారు కదా అని. అతను అన్నది ఎంత నిజమో చూడాలంటే మా ఊరు శాన్ ఆంటోనియో చాలు. 1938లో ఇక్కడి వెస్ట్ సైడ్‌లో పీకన్ గింజలు ఒలిచే కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్ళే, కూలి తగ్గించారని దాదాపు 12,000 మంది పని ఆపేశారు. ముందు నిలబడ్డ ఎమ్మా తెనయూకాకి అప్పుడు 21 ఏళ్ళు. తల వంచుకునే వాళ్ళా వీళ్ళు?

పరేదెస్ పట్టుకున్న తప్పు ఇంకా సూక్ష్మమైంది. బ్రౌన్స్‌విల్‌లో పుట్టినవాడు కదా, చదవగానే తెలిసిపోయింది, జనం వేళాకోళంగా అన్నదాన్ని ఈ ఆంత్రపాలజిస్టులు నిజమని నమ్మి రాసుకున్నారని. మా ఎదురింటి పెద్దావిడ క్రిస్మస్ ముందు టమాలె, అంటే మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం, చేయడానికి నన్ను పిలిచేది. నానబెట్టిన మొక్కజొన్న పొత్తు ఆకు నున్నటి వైపు తిప్పి చెంచా వెనక భాగంతో పిండి పలచగా రాయాలి, నాది ఎప్పుడూ మందంగా వచ్చేది. ఒకసారి ఆవిడ మొహంలో నవ్వు లేకుండా అంది, మా ఆయన అనుమతి లేకుండా నేను గడప దాటి ఎరగను అని. అంతే, గదంతా ఒక్కసారి గొల్లుమంది. ఇంటి పత్రాలు, బ్యాంకు, ట్రక్కు తాళాలు అన్నీ ఆవిడ దగ్గరే ఉండేవి. పక్కన నోట్‌బుక్ పట్టుకున్న పిల్ల ఉంటే ఆ ఒక్క వాక్యంతో చాప్టర్ రాసేసేది! అందుకే రికార్డర్ తర్వాత తీయి తల్లీ, ముందు కూర్చుని పిండి రాయి. ఎవరు ఎవర్ని ఆట పట్టిస్తున్నారో తెలిసేదాకా ఒక్క ముక్క కూడా కోట్ చేయకు.

నాకు టెన్షన్ పుట్టించేది ఇంకోటుంది. నిన్ను నమ్మి మాట్లాడే ఇళ్ళలో ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేనివాళ్ళు ఉంటారు. పిల్లలు ఇక్కడే పుట్టి ఉంటారు, తల్లికి మాత్రం ఏమీ ఉండదు. ఆమె పేరు, వీధి, పనిచేసే చోటు ఏదీ నీ ఫోన్‌లో, క్లౌడ్‌లో ఉండకూడదు, మారుపేరు మొదటి రోజే పెట్టు. పరిశోధనకి అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ ఫారం మీద సంతకం పెట్టింది కాబట్టి సరిపోతుందనుకోకు, నీ పుస్తకం వచ్చేనాటికి ఏ చట్టం ఉంటుందో ఎవరికి తెలుసు? నీ పరిస్థితీ మర్చిపోకు, నువ్వూ వీసా మీదే ఉంటావు. హిడాల్గో కౌంటీ ఉన్న రియో గ్రాండే వ్యాలీ నుంచి హైవే 281 మీద తిరిగి వస్తుంటే ఫల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంటుంది, సరిహద్దు దాటి ఎంతో లోపలికి వచ్చేశాక. పాస్‌పోర్ట్, యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా పత్రం ఐ-20 బ్యాగులో లేకుండా ఆ దారి పట్టావో నా చేతిలో అయిపోతావు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు దానితో వాదన పెట్టుకోకు, రోజూ ఫోన్ మాత్రం చెయ్యి. ఆస్టిన్ నుంచి మా ఇల్లు గంటన్నర, శుక్రవారం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఉంటావు. మొదటి సెమిస్టర్ రీడింగ్ లిస్ట్ రాగానే ఫోటో తీసి పంపు.

పెద్దమ్మ