పాత కారుకు పసుపు హెడ్‌లైట్లు: రంగు కంటే ముందు తేదీ చూడాలి

ప్రశ్న: నా దగ్గర 1968లో ఫ్రాన్స్‌లో తయారైన ప్యూజో 404 కారు ఉంది. పాత ఫోటోలలో ఇలాంటి కార్లకు పసుపు హెడ్‌లైట్లే కనిపిస్తాయి. నాకు అమ్మిన యజమాని వాటిని తీసేసి తెల్ల బల్బులు వేయించారు. మళ్ళీ పసుపు రంగే పెట్టించాలని నా కోరిక. హెడ్‌లైటు అద్దాలకు పసుపు ఫిల్మ్ అంటిస్తే చాలని ఒక మెకానిక్ అంటున్నారు, పసుపు లైట్లు ఎక్కడైనా నేరమేనని ఇంకొకరు భయపెడుతున్నారు. తనిఖీలో గానీ, ప్రమాదం జరిగితే బీమా విషయంలో గానీ నాకు ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీ మెకానిక్‌లు ఇద్దరూ చెరి సగం పొరబడ్డారు. పసుపు హెడ్‌లైట్లను అన్ని దేశాలూ నిషేధించలేదు. అలాగని ఫిల్మ్ అంటించి రోడ్డెక్కితే సరిపోతుందన్నదీ నిజం కాదు. చట్టం ముందుగా రెండు సంగతులు అడుగుతుంది: కారు ఏ దేశంలో రిజిస్టరై ఉంది, ఏ తేదీనాటి నియమాలు దానికి వర్తిస్తాయి. రంగు సంగతి ఆ తర్వాతే వస్తుంది.

మీ కారు పుట్టిన దేశంలో పసుపు అన్నది అలంకారం కాదు, చట్టం పెట్టిన షరతు. 1936లో తెచ్చిన నియమాల ప్రకారం ఫ్రాన్స్‌లో వాహనాల హెడ్‌లైట్లు పసుపు కాంతినే ఇవ్వాల్సి వచ్చింది. ఐరోపా దేశాల నిబంధనలను ఒక్కటి చేసే క్రమంలో 1993 జనవరి 1 నుంచి కొత్త కార్లు తెల్ల కాంతికి మారాయి గానీ, అంతకు ముందు రోడ్డెక్కిన కార్లు పసుపును ఉంచుకోవడానికి అడ్డు లేదు. యుద్ధం వస్తే శత్రువుల వాహనాలను చీకట్లో గుర్తుపట్టడానికే ఈ రంగు పెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ కోర్టులో ఎందుకూ పనికిరాదు, ఆ తేదీలు మాత్రం పనికొస్తాయి. 1968 నాటి ఫ్రెంచి కారుకు పసుపు పెట్టించడం మార్పు కాదు, పునరుద్ధరణ అని వాదించడానికి మీకున్న అసలు ఆధారం అవే.

అయితే ఈ వాదన అన్ని చోట్లా ఒకేలా నెగ్గదు. రోడ్డు రవాణాపై 1968 నాటి వియన్నా ఒప్పందం హెడ్‌లైట్లకు తెలుపునూ పసుపునూ రెండింటినీ ఒప్పుకుంటుంది, కానీ ఆ వెసులుబాటును ఎంతవరకు వాడుకోవాలన్నది ఒక్కో దేశం ఒక్కో రకంగా తేల్చుకుంది. బ్రిటన్‌లో 1989 నాటి వాహన దీపాల నిబంధనలు హెడ్‌లైటు కాంతి తెలుపు గానీ పసుపు గానీ కావచ్చని చెబుతూనే, జతగా ఉన్న రెండు దీపాలూ ఒకే రంగు కాంతి ఇవ్వాలంటాయి. జర్మనీలో రోడ్డును వెలిగించే హెడ్‌లైటుకు తెల్ల కాంతి మాత్రమే అనుమతి, మంచు దీపాలకు (ఫాగ్ ల్యాంపులకు) మాత్రం లేత పసుపు కూడా ఒప్పే. జపాన్ 2005 డిసెంబరు 31 వరకు తయారైన వాహనాలకు లేత పసుపును అనుమతించి, ఆ తర్వాతి వాటికి తెలుపునే ఖాయం చేసింది. అమెరికా ఫెడరల్ ప్రమాణం తెల్ల కాంతినే కోరుతుంది, కానీ అది ముఖ్యంగా కొత్త వాహనాల తయారీ, అమ్మకాల దశకు చెందినది. రోడ్డు మీద తిరిగే కారు విషయంలో రాష్ట్ర చట్టాన్నే చూడాలి. అక్కడ ఇంకో మెలిక ఉంది: ఫెడరల్ ప్రమాణానికి లోబడి అమర్చిన భద్రతా పరికరాన్ని పనికిరాకుండా చేయకూడదన్న నిషేధం వ్యాపార సంస్థలకూ రిపేరు షాపులకూ వర్తిస్తుంది గానీ సొంత కారు మీద పని చేసుకునే యజమానికి వర్తించదు. అందుకే షాపు కాదన్నంత మాత్రాన యజమానికీ చట్టం కాదన్నదని అనుకోనక్కర్లేదు.

తేదీ విషయంలో చాలామంది తడబడేది ఇక్కడే. కొన్ని నియమాలు తయారీ తేదీని పట్టుకుంటాయి, కొన్ని మొదటిసారి రోడ్డు మీదకు వచ్చిన తేదీని చూస్తాయి. మీరు కారును మరో దేశం నుంచి తెప్పించుకొని ఉంటే, మీ పేరున జరిగిన తాజా రిజిస్ట్రేషన్ తేదీ ఈ రెండింటిలో ఏదీ కాదు. పత్రాలలో తాజా తేదీ ఒక్కటే కనిపిస్తుంటే, కారు అసలు వయసును నిర్ధారించే తయారీదారు ధ్రువపత్రాన్ని గానీ, తొలి రిజిస్ట్రేషన్ నకలును గానీ తప్పకుండా జతచేయండి. పసుపు లైట్ల విషయంలో తగాదా వస్తే రంగు చూపించి గెలవడం కంటే తేదీ చూపించి గెలవడమే సులువు.

ఇక ఫిల్మ్ సంగతి. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. హెడ్‌లైటు అద్దాన్ని దగ్గరగా చూడండి: అంతర్జాతీయ ఆమోదం పొందిన దీపమైతే దాని మీద వృత్తంలో ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం, దాని పక్కన ఒక అంకె పోతపోసి ఉంటాయి. ఆ అంకె 2 అయితే ఆమోదించిన దేశం ఫ్రాన్స్, 1 అయితే జర్మనీ, 11 అయితే బ్రిటన్. అద్దం, అద్దంలోని గీతలు, వెనుక ఉన్న రిఫ్లెక్టరు, లోపలి బల్బు, ఇవన్నీ కలిసి కాంతిని ఏ కోణంలో ఎంత పంపుతాయో కొలిచాకే ఆ ముద్ర పడుతుంది. దాని మీద ఫిల్మ్ అంటించినా, రంగు పిచికారీ చేసినా ఆమోదం పొందిన దీపం అక్కడ మిగలదు. ఫిల్మ్ అంచు లేచినా, బుడగలు పట్టినా కాంతి చెదిరి ఎదుటి డ్రైవరు కళ్ళలో పడుతుంది. రంగును అనుమతించే దేశంలో కూడా తనిఖీ అధికారి ఈ కారణంతో మీ కారును తిప్పి పంపవచ్చు.

ఆనాటి ఫ్రెంచి కార్లలో పసుపు రంగు చాలావరకు బల్బు దగ్గరే ఉండేది. ఆర్2 రకం బల్బు గాజుకే పసుపు పట్టించేవారు, లేదా మామూలు బల్బు మీద చిన్న పసుపు గాజు టోపీ తొడిగేవారు. మీరు కూడా అదే దారిలో, మీ దీపానికి నిర్దేశించిన రకం, వాటేజి గల ఆమోదిత బల్బునే వాడండి. ఆర్2 బల్బు 12 వోల్టుల రకానికి 45/40 వాట్లు (హై బీమ్‌కు 45, లో బీమ్‌కు 40). పసుపు గాజు కొంత కాంతిని మింగేస్తుంది కాబట్టి, ఆ లోటు తీర్చుకోవడానికి ఎక్కువ వాట్ల బల్బు పెట్టాలని కొందరికి ఆశ పుడుతుంది. వైరింగు కాలినా, కాంతి హద్దు దాటినా బాధ్యత మీ మీదకే వస్తుంది. పాత రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు బిగించడం అంతకంటే ప్రమాదం: దీపం ఫిలమెంటు బల్బుతో ఆమోదం పొందినప్పుడు కాంతి మూలాన్ని మార్చితే ఆ ఆమోదమే ప్రశ్నార్థకమవుతుంది. పెట్టె మీద ‘3000 కె’ (కాంతి ఛాయను తెలిపే కెల్విన్ కొలత) అని రాసి ఉండటం చట్టపరంగా దేనికీ రుజువు కాదు.

రంగు ఛాయ విషయంలోనూ జాగ్రత్త అవసరం. నిబంధనల్లో పసుపు అంటే నీలం, ఊదా కాంతిని వడగట్టిన తేట పసుపు. మలుపు సూచించే దీపాలకు వాడే నారింజ ఛాయ వేరు. ముందువైపు నారింజ కాంతి కనిపిస్తే ఎదుటివారు సిగ్నలనుకునే అవకాశం ఉంది, తనిఖీలో కూడా పసుపు అన్న మీ మాట నిలవదు.

బీమా విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: బల్బు బిగించక ముందే బీమా సంస్థకు ఉత్తరం రాయండి. దేశాన్ని బట్టి తేడాలున్నా, సంస్థ తన నిర్ణయానికి అవసరమని భావించే విషయాన్ని దాచిపెడితే క్లెయిము తగ్గించడానికీ, కొన్నిచోట్ల నిరాకరించడానికీ అదొక సాకు అవుతుంది. తయారీనాటి రూపానికి తెస్తున్నానని, వాడే బల్బు రకం ఫలానా అని రాసి, వారి జవాబును భద్రపరచండి. రాత్రి ప్రమాదం జరిగి ఎదుటి పక్షం ‘ఆయన లైట్లు సరిగా లేవు’ అంటే, కోర్టు సాధారణంగా లైట్ల లోపానికీ ప్రమాదానికీ సంబంధం ఉందా అని చూస్తుంది. అప్పుడు మీకు అండగా నిలిచేది ఆమోదిత దీపం, రెండు వైపులా ఒకే రంగు, కిరణం దిశ సరిచూసినట్టు తేదీతో ఉన్న వర్క్‌షాపు రసీదు. ఒక వైపు బల్బు కాలిపోతే తాత్కాలికంగా తెల్లది వేసి నడపాలనిపిస్తుంది. ఒక జతలో రెండు రంగులు అన్నది వియన్నా ఒప్పందమే అనుమతించని పని, కాబట్టి అదనంగా రెండు పసుపు బల్బులు కారులో ఉంచుకోండి.

కారు రిజిస్టరైన చోట నియమం తెలుపునే కోరితే, తనిఖీ అధికారి దగ్గర పాత ఫోటోలు పెట్టి వాదించే శ్రమ పెట్టుకోకండి. రోడ్డుకు తెల్ల బల్బులే ఉంచి, ప్రదర్శనకు వెళ్ళినప్పుడు అక్కడ పసుపువి మార్చుకోండి. ఆర్2 బల్బు తీసి పెట్టడం కొద్ది నిమిషాల పని. మీ చట్టం ముందువైపు మంచు దీపాలకు పసుపును అనుమతిస్తే, వాటిని ఆ రంగులో పెట్టించుకోవచ్చు, కాకపోతే మంచు గానీ, జోరువాన గానీ లేనప్పుడు వాటిని వెలిగించడం చాలా దేశాల్లో తప్పే.