సముద్రం మీద లేని రోజు

ఉత్తరం: నా వయసు 63. మావారు రిటైరయ్యాక, దాచుకున్న డబ్బుతో 115 రోజుల ప్రపంచ యాత్రకి ఓడెక్కాం. జనవరి మొదట్లో బయల్దేరాం. ఎక్కిన పది రోజులకే ఆయన వేరే మనిషైపోయారు. పొద్దున డెక్ మీద నడక, పదింటికి ఎవరిదో ఉపన్యాసం, మధ్యాహ్నం క్విజ్ టీము, సాయంత్రం పేకాట. నేను కిటికీ లేని కేబిన్‌లో ఒక్కదాన్నే. ఈమధ్య పసిఫిక్‌లో డేట్‌లైన్, అదే తేదీ మారే గీత, దాటాం. ఫిబ్రవరి 16 రాత్రి పడుకుని లేస్తే 18 అన్నారు. 17 నా పుట్టినరోజు. ‘ఈ ఏడు నీకు వయసు పెరగలేదోయ్’ అని ఆయన భోజనాల టేబుల్ దగ్గర ఏడుగురి ముందు నవ్వారు. ఆ రోజు అబ్బాయి కూడా ఫోన్ చేయలేదు. 36 ఏళ్ళ కాపురంలో ఇంత అవమానం ఎప్పుడూ లేదు. సిడ్నీలో దిగి విమానంలో ఇంటికెళ్ళిపోతానంటే, ‘వెళ్తే వెళ్ళు, నేను పూర్తిచేసే వస్తాను’ అంటున్నారు. దిగనా, వద్దా?

– ఓడలోంచి ఒక అమ్మ

జవాబు:

అమ్మా, దిగొద్దు.

మీరడిగిన దానికి జవాబు అంతే. మధ్యలో దిగిపోతే మిగతా ప్రయాణం డబ్బు మామూలుగా తిరిగి రాదు. ఓడవాళ్ళ దగ్గరున్న పాస్‌పోర్టు అడిగి తీసుకోవాలి, అక్కడ దిగడానికి వీసా సరిపోతుందో లేదో చూసుకోవాలి, ముందుగానే రిసెప్షన్‌లో చెప్పాలి. ఇంత తంటాలు పడి ఇంటికెళ్తే, అక్కడ మీకోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. కటువుగా ఉందని తెలిసే రాస్తున్నాను. ఈ మాట మీకూ తెలుసు. తెలిసే కోపమంతా మీవారి మీద పెట్టుకున్నారు.

మీ అసలు ఉత్తరం ఆరు పేజీలు. పైన వేసింది దాని సారం మాత్రమే. అందులో అయిదు పేజీలకు పైగా మీవారి మీదే. ఆయన నవ్వు, ఆయన క్విజ్ టీము, భూమధ్యరేఖ దాటిన రోజు సముద్రరాజు వేషం కట్టినవాళ్ళ చేత నెత్తిన చల్లనీళ్ళు పోయించుకుని చిన్నపిల్లాడిలా గెంతడం. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం: ‘ఆ రోజు అబ్బాయి కూడా ఫోన్ చేయలేదు’. ఆ ‘కూడా’ దగ్గర నేను ఆగిపోయాను. మీవారి నవ్వు గురించి అన్ని పేజీలు రాయగలిగిన మనిషి, కొడుకు మరిచిపోయిన సంగతి ఒక్క వాక్యంలో, అదీ ఒక ‘కూడా’ చాటున దాచేశారు. చెయ్యి కాలినప్పుడు చెప్పుకోగలం. గుండె కాలితే ఎవరికి చెప్తాం?

మీ వాచీల సంగతికి వద్దాం. చేతికి రెండున్నాయని రాశారు. ఒకటి ఓడ టైము, ఒకటి ఇంటి టైము. ఇంట్లో రాత్రి తొమ్మిదైతే అబ్బాయి ఖాళీగా ఉంటాడని రోజూ ఆ వేళకే ఫోను. బయల్దేరినప్పుడు అది మీకు మధ్యాహ్నం టీ వేళ. పడమటికి పోయే ఓడలో కొన్ని రోజులకోసారి రాత్రిపూట గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు కదా, ఆ తొమ్మిది జరుగుతూ జరుగుతూ మీ భోజనం వేళకి వచ్చింది, తర్వాత పొద్దుటిపూటకి వచ్చింది, పసిఫిక్ మధ్యకి చేరేసరికి తెల్లవారుజామున అయిదున్నరకి వచ్చి కూర్చుంది. మీరు దాని వెంటే జరిగారు. ఉపన్యాసం వేళ ఫోను, భోజనం వేళ ఫోను, ఇప్పుడు చీకట్లో అలారం పెట్టుకుని ఫోను. మీవారు మొదటి వారం పొద్దున నడకకి మిమ్మల్ని పిలిచారని మీరే రాశారు. రెండో వారం కూడా పిలిచారట. మూడో వారం పిలవలేదని మీ ఫిర్యాదు. ఎన్నాళ్ళు పిలుస్తారమ్మా? రెండు వందల చదరపు అడుగులు కూడా ఉండని గదిలో, పక్క మంచం మీద భార్య రోజుకి గంటన్నర ఫోనులో ఉంటే, ఆయన ఎక్కడికి పోవాలి? ఎవరో క్విజ్‌కి ఒకడు తక్కువయ్యాడంటే వెళ్ళారు. వెళ్ళి బతికిపోయారు.

ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. పుట్టినరోజు మీద ఆ హాస్యం ఏడుగురి ముందు ఆడాల్సింది కాదు. కానీ ముందు రోజు రాత్రే టేబుల్ వాళ్ళంతా లేచి నిలబడి మీకోసం పాట పాడారనీ, ఆ ఏర్పాటు చేసింది ఆయనేననీ మీ అయిదో పేజీ చివర ఉంది. మీరు పాట మధ్యలోనే లేచి కేబిన్‌కి వెళ్ళిపోయారనీ ఉంది. ఎందుకెళ్ళారు? ఫోను అక్కడ ఉంది కాబట్టి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది పనామా కాలువ. ఒప్పుకుంటాను, ఇది కాస్త సొంత ఉక్రోషం. 1914లో తెరిచిన ఆ కాలువలో ఓడ మెట్టు మెట్టుగా 26 మీటర్లు పైకెక్కి, కొండల మధ్య సరస్సులో సాగి, అవతలి వైపు మళ్ళీ మెట్లు దిగి ఇంకో మహాసముద్రంలో పడుతుంది. దాదాపు 80 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది గంటలు. ఓడలో ఉన్నవాళ్ళంతా చీకటితోనే లేచి రెయిలింగ్ దగ్గర చోటు పట్టుకుంటారు. ఆ పూట మీరు కిటికీ లేని గదిలో మంచం మీద కూర్చుని, ఇన్సూరెన్స్ కాగితం ఏ అరలో ఉందో అబ్బాయికి చెప్తున్నారు. అది దొరికేదాకా లైన్లోనే ఉన్నారు. ‘అంతా నీళ్ళే కదా’ అని రాశారు. ఆ కాలువ చూడాలని నాకు ఇరవై ఏళ్ళుగా ఉంది.

సరే, అబ్బాయి. 34 ఏళ్ళు, ఉద్యోగం, భార్య, ఒక పాప. ‘నేను లేకపోతే వాడికి ఏదీ తోచదు’ అని మొదటి పేజీలో రాశారు. నాలుగో పేజీలో, ‘ఈమధ్య ఎక్కువగా కోడలే ఎత్తుతోంది, ఆయన ఇప్పుడే పడుకున్నారత్తయ్యా అంటోంది’ అని రాశారు. తొమ్మిదింటికి ఆ వయసువాడు పడుకోడమ్మా. పక్కనే ఉంటాడు. వద్దని చెయ్యి ఊపుతుంటాడు. మధ్యలో నలిగేది ఆ పిల్ల. ఆమె మీద మీకు కోపం ఉందేమో రాయలేదు కానీ, ఉంటే ఇప్పుడే తీసేసుకోండి. మీ అబ్బాయి చెప్పలేని మాట ఆమె చేత చెప్పిస్తున్నాడు. ధైర్యం లేనిది వాడికి.

17న మీరు కావాలనే ఫోన్ చేయలేదు. వాడంతట వాడే చేస్తాడేమో చూశారు. అలా అని మీరు రాయలేదు. కానీ రోజూ అలారం పెట్టుకునే మనిషి ఆ ఒక్కరోజు ఎందుకు పెట్టుకోలేదో ఊహించడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేదు. ఓడ మీద 17 లేదు. ఇంటి దగ్గర ఉంది. ఇరవై నాలుగు గంటలూ ఉంది. మీ ఓడకి లేని రోజు మీ అబ్బాయికి ఉంది. డేట్‌లైన్ మీదా, మీవారి హాస్యం మీదా నింద వేస్తే ఆ సంగతి కనపడకుండా పోతుందని మీ ఆశ.

పోయిన రోజు లెక్క కూడా మీరు తప్పుగానే వేసుకున్నారు. మీ రోజుని ఎవరూ ఎత్తుకుపోలేదు. గడియారం వెనక్కి తిప్పిన ప్రతి రాత్రీ మీకొక గంట అదనంగా ఇచ్చారు. యాత్ర పూర్తయ్యేలోపు అలా ఇచ్చే గంటలు ఇరవై నాలుగవుతాయి. కొన్ని ఇచ్చేశారు, మిగతావి ఇంకా ఇస్తారు. దానికి బదులు డేట్‌లైన్ దగ్గర ఒక రోజు తీసుకున్నారు. మొదటిసారి భూమిని చుట్టొచ్చిన నావికులకి ఈ లెక్క తెలియదు. 1522లో, స్పెయిన్ నుంచి బయల్దేరిన మెగల్లాన్ బృందంలో మిగిలిన ఒక్క ఓడ, ఇంటికి చేరబోతూ ఆఫ్రికా పడమటి తీరానికి అవతలున్న కేప్ వెర్దె దీవుల దగ్గర ఆగింది. తమ లెక్కలో బుధవారం. ఒడ్డున ఉన్నవాళ్ళు గురువారం అన్నారు. అందులో పిగఫెట్టా అనే ఆయన మూడేళ్ళూ రోజు తప్పకుండా రాసుకున్న మనిషి. ఎక్కడ పొరపాటు చేశానా అని బిత్తరపోయాడు. ఆయన పొరపాటేమీ చేయలేదు. సూర్యుడితోపాటు పడమటికి పోయాడు, అంతే. మీకు దొరికిన ఆ అదనపు గంటలు ఏం చేశారని నేనడిగితే మాత్రం, మీ దగ్గర జవాబు ఉండదు. ఫోను పట్టుకుని ‘హలో, వినపడుతోందా’ అంటూ గడిపారు.

నాకు ఒక కూతురు. చదువుకి దేశం దాటి వెళ్ళిన మొదటి ఏడాది రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు ఎత్తి, ‘అమ్మా, ఏమైనా చెప్పాలా, ఊరికేనా?’ అంది. ఊరికే అన్నాను. ‘అయితే ఆదివారం నేను చేస్తాలే’ అంది. మూడు రోజులు అలిగాను. అలిగానన్న సంగతే దానికి తెలియలేదు, దాని పరీక్షలు దానివి. ఆదివారం చేసింది. దాని రూంమేట్ ఎవరినో ప్రేమించి ఎలా మోసపోయిందో గంటసేపు చెప్పింది. రెండు పూటలా నేను చేసిన ఏడాదిలో అలాంటి కబురు ఒక్కటీ చెప్పలేదు. అందుకని మీకు చెప్పే అర్హత నాకు కొంచెం ఉందనుకుంటాను.

అబ్బాయి తప్పు లేదని నేననడం లేదు. తల్లి పుట్టినరోజు మరిచిపోవడం తప్పే. అయితే ఆ మాట వాడికే చెప్పాలి. మీవారి మీద అలిగి కాదు, సిడ్నీలో దిగి చూపించి కాదు. ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి. ‘17న నీ ఫోను కోసం చూశాను. రాలేదు. బాధ పడ్డాను.’ ఇంతే. ‘అయినా పరవాలేదులే, పనుల్లో ఉంటావు’ అని దానికి తోక తగిలించకండి. అమ్మలు చేసే పెద్ద పొరపాటు ఆ తోక. పరవాలేదని మీరే చెప్తే వాడు నమ్మేస్తాడు. మగపిల్లలు మరీ త్వరగా నమ్మేస్తారు.

దాని కిందే ఇంకో మాట రాయండి: ఇకనుంచి వారానికొకసారి, వాడు చెప్పిన రోజు, వాడే ఫోను చేయాలి. ఇంటి కాగితాలు ఏవేవి ఎక్కడున్నాయో, రిపేర్లకి ఎవరిని పిలవాలో, అన్నీ ఒక్కసారి కూర్చుని రాసి పంపేయండి. ఆ తర్వాత వాడు అడిగితే చెప్పండి, అడగకపోతే చెప్పకండి. గీజరు పాడై వారం రోజులు చన్నీళ్ళు పోసుకున్నా ఏమీ కాదు. వాడు ఫోన్ చేయని వారం కూడా రావచ్చు. ఆ వారం కూడా మీరు చేయకండి. మీకున్న అభిమానం చిన్నదేమీ కాదు, పాట మధ్యలో లేచివెళ్ళగలిగినంత ఉంది. దాన్ని టేబుల్ వాళ్ళ మీద కాకుండా ఇక్కడ వాడండి.

మీవారితో పెద్దగా మాట్లాడే పని లేదు. కూర్చోబెట్టి ముప్పై ఆరేళ్ళ పురాణం విప్పకండి. ఆయన నవ్వినందుకు నొచ్చుకున్నానని ఒకసారి చెప్పండి, వింటారు. ఆయన లేచే వేళకి మీరూ లేచి చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడండి, అది ఇంకా బాగా వింటారు. పసిఫిక్ దాటేశారు, నిజమే. ఇంకా సగం భూమి ఉంది.

ఇంటి టైము వాచీ తీసి పెట్టెలో పడేయమని మాత్రం చెప్పను. ఒక్కరోజులో అలవాటు పోదు. ఈ రాత్రి కేబిన్ తలుపు దగ్గర రేపటి కార్యక్రమాల కాగితం పెడతారు కదా, దాని మీద గడియారం తిప్పమని ఉంటే ఓడ వాచీని మీరే తిప్పండి. ఇన్నాళ్ళూ అది కూడా మీవారే తిప్పుతున్నారట.

ఇంకొక్కటి. మీ భోజనాల టేబుల్ దగ్గర ఎనభై దాటిన ఆవిడ, ఒంటరిగా ఇది తొమ్మిదోసారి ప్రపంచం చుట్టడమని రాశారే, ఆవిడ లైబ్రరీలో జిగ్సా పజిల్ దగ్గరికి రోజూ మిమ్మల్ని పిలుస్తోందట. ఫోను ఉందని మీరు రోజూ కాదన్నారట. అందులో బొమ్మంతా అయిపోయి ఆకాశం ముక్కలే మిగిలాయని మీరే రాశారు. వెళ్ళకుండానే ఎలా తెలిసింది? దారిలో ఆగి చూస్తున్నారన్నమాట. ఆకాశం కష్టం, అన్ని ముక్కలూ ఒకే నీలం. రెండు జతల కళ్ళు కావాలి. రేపు మీ ఫోను వేళ దాటాక కాదు, ఆ వేళకే వెళ్ళండి.