ముందు ఒక్క ఇంటిని పట్టుకో

అమ్మలూ,

బస్సులో వస్తూ పెట్టిన నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఐర్లండ్‌లోని పాత భవనాలను కాపాడే ఐరిష్ జార్జియన్ సొసైటీలో చేరావని తెలిసి చాలా సంతోషం వేసింది. సాయంత్రం ఉపన్యాసాలు, శనివారం వీధి నడకలు, పల్లెల్లో పెద్ద భవంతులు చూడటానికి ప్రయాణాలు, ఎగ్జిబిషన్లు... అన్నీ బాగున్నాయి, ఏది వదులుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్లో అయితే మాట ఎటో పోతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అన్నిటికీ వెళ్ళకు. ముందు ఒక్క ఇంటిని పట్టుకో.

డబ్లిన్ వచ్చిన కొత్తలో నేను కనపడ్డ ప్రతి కార్యక్రమానికీ పేరిచ్చేదాన్ని. నోటుబుక్కు నిండింది గానీ, ఏ మెట్లు ఏ ఇంట్లో చూశానో కూడా ఏడాది తిరిగేసరికి కలగాపులగం అయిపోయింది. ఆ తర్వాత చూశాను హెన్రియెట్టా వీధిలో 14వ నంబరు ఇంటిని. 1740ల చివర్లో ల్యూక్ గార్డినర్ గొప్పవాళ్ళ కోసం కట్టించిన ఇల్లు అది. 1801లో ఇక్కడి పార్లమెంటు రద్దై అధికారం లండన్‌కి పోయాక ఆ గొప్పవాళ్ళూ మెల్లగా వెళ్ళిపోయారు. 1877లో ఒకాయన కొని, ప్రధాన మెట్లు పీకించేసి, గదులను ముక్కలు చేసి బీదవాళ్ళకి అద్దెకిచ్చాడు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క ఇంట్లో 100 మంది ఉన్నారు. 2018లో మ్యూజియంగా తెరిచారు.

నన్ను కట్టిపడేసింది ఈ లెక్కలు కాదు. మెట్ల దగ్గర గోడల మీద ఆ అద్దె కాపురాల నాటి రంగులు అలాగే ఉంచారు. ఒకటి జేగురు లాంటి ఎరుపు, ఇంకోటి నీలం. ఆ నీలం ఏంటని అడిగితే గైడు 'రెకిట్స్ బ్లూ' అంది. బట్టల నీలిమందు! మన రాబిన్ బ్లూ చేసే కంపెనీదే. మీ అమ్మమ్మ సంక్రాంతికి వెల్ల వేయిస్తూ సున్నం బకెట్లో నీలిమందు వేసి కర్రతో తిప్పేది, మోచేతుల దాకా నీలం అంటుకునేది. ఎక్కడి డబ్లిన్, ఎక్కడి మన ఊరు! ఆ గోడ ముందు కాసేపు మాట రాలేదు నాకు. ఆ రోజు నుంచి ఆ ఇల్లు నాకు పరాయిది కాలేదు.

ఇలా ఒక ఇల్లు నీదైతే కార్యక్రమాలు వాటంతటవే దాని చుట్టూ చేరతాయి. ఇటుక మీద ఉపన్యాసం ఉందనుకో, నీ ఇంటి ముందుగోడ గుర్తొస్తుంది. తలుపు పైన విసనకర్రలా విచ్చుకునే అద్దం, అదే ఫ్యాన్‌లైట్, దాని గురించి వీధి నడకలో చెబితే, మన ఇంటికి అలాంటిది ఉందా అని మర్నాడే వెళ్ళి చూస్తావు. దానికి సంబంధం లేనివి మొదటి ఏడాది వదిలెయ్. ఖరీదైన విందులు, విదేశీ యాత్రలు అసలే వద్దు. వాటికి వెళ్ళకపోతే నీకేమీ లోటు రాదు.

ఉపన్యాసాలు చాలావరకు సౌత్ విలియం స్ట్రీట్‌లోని సిటీ అసెంబ్లీ హౌస్‌లో ఉంటాయి, సొసైటీ ఆఫీసు కూడా అదే. అరగంట ముందే వెళ్ళు. చిత్రకారుల సంఘం ఒకటి తమ బొమ్మలు ప్రదర్శించడానికి 1766లో మొదలుపెట్టి కట్టించుకున్న భవనం అది. ఎనిమిది మూలల హాలు, వెలుతురంతా పైనుంచే పడుతుంది, గోడలన్నీ బొమ్మలకే వదిలేశారు. 1841లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ డబ్లిన్ మేయరైనప్పుడు నగరసభ కూర్చునేది అక్కడే. జనం రాకముందు ఆ హాల్లో పది నిమిషాలు ఊరికే కూర్చుని పైకి చూడు. ఉపన్యాసం అయ్యాక వెంటనే కోటు వేసుకుని బయటపడకు. అసలు సంగతులు కాఫీ కప్పులతో నిలబడినప్పుడే తెలుస్తాయి.

సొసైటీ ఎలా పుట్టిందో మాత్రం వివరంగా తెలుసుకో. 1957లో కిల్డేర్ ప్లేస్‌లో రెండు మంచి ఇళ్ళు కూల్చేశారు. అది చూసి తట్టుకోలేక డెస్మండ్ గిన్నిస్, ఆయన భార్య మరీగా ఇద్దరూ కలిసి 1958 ఫిబ్రవరి 21న దీన్ని స్థాపించారు. డబ్లిన్ దగ్గర సెల్‌బ్రిడ్జ్‌లోని క్యాజిల్‌టౌన్‌ది ఇంకా పెద్ద కథ. 1722లో మొదలుపెట్టిన ఆ మహాభవంతి సామానంతా 1966లో వేలంలో పోయింది. మరుసటి ఏడాది డెస్మండ్ సొంత డబ్బుతో ఇల్లు కొన్నాడు. సభ్యులు వెళ్ళి తమ చేతులతో బూజులు దులిపి, రంగులు వేసి నిలబెట్టారు. అక్కడికి వెళ్తే ప్రింట్ రూమ్ తప్పకుండా చూడు. ఒకప్పటి ఆ ఇంటి ఇల్లాలు లేడీ లూయిసా కానొలీ అచ్చుబొమ్మలు కత్తిరించి, చుట్టూ కాగితం అంచులు పెట్టి గోడలకు అతికించింది. గోడకి అతుక్కుని ఉన్నాయి కాబట్టి అవి మిగిలాయి. మనవాళ్ళు క్యాలెండర్ దేవుళ్ళను కత్తిరించి గోడకి అంటించడం గుర్తొచ్చింది నాకు.

పల్లె భవంతులకు వెళ్ళేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. చాలావాటిలో ఇంకా కుటుంబాలు కాపురముంటున్నాయి. సన్నమడమల చెప్పులు వద్దు, పాత చెక్కనేల మీద గుంటలు పడతాయి. బ్యాక్‌ప్యాక్ వీపున కాకుండా ముందుకి వేసుకో. లోపల ఫోటో తీసేముందు అడుగు. ఏ కుర్చీ పాతదో మనకి తెలియదు, కాబట్టి కూర్చోమంటే తప్ప కూర్చోకు. ఇంటికొచ్చాక ఇంటివాళ్ళకి రెండు వాక్యాలు థాంక్యూ కార్డు రాసి పంపు, ఇక్కడ దానికి చాలా విలువిస్తారు. చిన్న బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్ళు, పైకప్పు నగిషీ మామూలు కంటికి ఆనదు.

చేతిపనుల ప్రదర్శనలు ఉంటే మాత్రం వేరే పని మానుకునైనా వెళ్ళు. నేను వెళ్ళినప్పుడు ఒక మేస్త్రీ ఇటుకల మధ్య సున్నం కూరుతూ, నా బొటనవేలు పట్టుకుని ఆ సందులో నొక్కించాడు. "ఇంత మెత్తగా ఉంటేనే గోడ ఊపిరి తీసుకుంటుంది" అన్నాడు. సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక ఇటుకే పొరలుగా రాలిపోతుందట. మా నాన్న, అదే మీ తాతయ్య, డంగు సున్నం గురించి అచ్చం ఇవే మాటలు చెప్పేవాడు. ఆ మాట మేస్త్రీకి చెబితే గంటసేపు నన్ను వదల్లేదు, సున్నం గానుగ ఎలా తిప్పుతారో చేతులతో చూపించమన్నాడు. కాబట్టి నీకు తెలిసింది చెప్పడానికి మొహమాటపడకు. కోఠీ ఉమెన్స్ కాలేజీగా మారిన పాత రెసిడెన్సీ, దాని ముందున్న ఎత్తైన స్తంభాలు నీకు తెలుసు. క్యాజిల్‌టౌన్ లాంటి ఇళ్ళకి అది చుట్టమే, ఒకే శైలి వంశం. అది ఇక్కడివాళ్ళకి చెప్పు.

ఇంకొకటి, కాస్త కష్టమైన మాట. ఒకసారి ఒక భవంతిలో తోటి సందర్శకురాలు నన్ను పనిమనిషి అనుకుని, కోటు ఎక్కడ తగిలించాలని అడిగింది. గుండె చివుక్కుమంది. "నాకూ తెలీదండీ, కలిసి వెతుకుదాం" అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది, రోజంతా నా పక్కనే నడిచింది. ఇలాంటిది నీకూ జరగొచ్చు, దానికోసం మానెయ్యకు. ఇవి దొరల ఇళ్ళు, మనకెందుకని ఇక్కడి ఐరిష్ వాళ్ళే చాలాకాలం అనుకున్నారు, వాళ్ళ బాధలో న్యాయం ఉంది. అందుకే ఏ భవంతికి వెళ్ళినా వంటిల్లు, పనివాళ్ళ మెట్లు, గుర్రపుశాల చూపించమని అడుగు. చూపిస్తారు.

ఆగస్టులో హెరిటేజ్ వీక్, అక్టోబరులో ఓపెన్ హౌస్ వస్తాయి, మామూలుగా మూసుండే తలుపులు కొన్ని అప్పుడు తెరుస్తారు. చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు గానీ ముందే బుక్ చేసుకో.

వచ్చే శనివారం హెన్రియెట్టా వీధికి రా, పదింటికల్లా 14వ నంబరు గుమ్మం దగ్గర ఉంటాను. టూర్ టికెట్లు నేను తీస్తాను. అల్లుణ్ణి కూడా తీసుకురా, చలికోటు మర్చిపోవద్దు. నీలం గోడ దగ్గర నీకు అమ్మమ్మ కబుర్లు చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ