‘ది ఇంటర్నేషనల్’ గోల్ఫ్ టోర్నీ ఎందుకు ఆగిపోయింది?

సింపుల్‌గా చెప్పాలంటే స్పాన్సర్ దొరకలేదు. అమెరికాలో కొలరాడోలోని క్యాజిల్ పైన్స్ క్లబ్‌లో 1986 నుంచి 2006 దాకా జరిగిన పీజీఏ టూర్ (అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్లు ఆడే ప్రధాన టోర్నీల వరస) టోర్నీ ఇది, పెట్టింది జాక్ వికర్స్ అనే ఆయిల్ వ్యాపారి, కోర్స్ (ఆట మైదానం) డిజైన్ గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్‌ది.

దీని స్పెషాలిటీ అంతా స్కోరింగే. మామూలు గోల్ఫ్‌లో షాట్లు ఎంత తక్కువైతే అంత మంచిది కదా, ఇక్కడ పాయింట్లు ఎక్కువ రావాలి. ఒక్కో హోల్‌కి ఇన్ని షాట్లని పెట్టిన లెక్కే పార్: దానికన్నా మూడు షాట్లు తక్కువైతే (ఆల్బట్రాస్) 8, రెండు తక్కువైతే (ఈగిల్) 5, ఒకటి తక్కువైతే (బర్డీ) 2, సరిగ్గా పార్‌కి సున్నా, ఒకటి ఎక్కువైతే (బోగీ) మైనస్ 1, అంతకన్నా చెత్తగా ఆడితే మైనస్ 3. అంటే ఒక బర్డీ ఒక బోగీ కొట్టినోడికి మామూలుగా అయితే లెక్క సరి, ఇక్కడ మాత్రం 1 పాయింట్ మిగులు, అందుకే అందరూ తెగించి కొట్టేవాళ్లు. పైగా అక్కడ ఎత్తు ఎక్కువ, గాలి పల్చన, బాల్ ఎక్కడికో పోతుంది! అమెరికా గోల్ఫర్ ఫిల్ మికెల్సన్ ఈ టోర్నీ రెండుసార్లు గెలిచాడు (1993, 1997), చివరి విన్నర్ డీన్ విల్సన్. 2007 ఫిబ్రవరిలో మూసేశారు, ఆ డేట్లు టైగర్ వుడ్స్ హోస్ట్ చేసిన వాషింగ్టన్ టోర్నీకి వెళ్లిపోయాయి. ఆ పాయింట్ల పద్ధతిని 2012లో నెవాడాలోని రీనో టోర్నీ తీసుకుంది.