అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నా పెట్టనివ్వడం లేదు. విశాఖ బీచ్ నుంచో, కారులోంచో హామ్ రేడియో కాంటెస్టుల్లో పాల్గొనవచ్చా?

పాల్గొనవచ్చు, మంచి స్కోరు కూడా తేవచ్చు. కాంటెస్టు అంటే ఇచ్చిన గడువులో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడి పాయింట్లు తెచ్చుకునే పోటీ. కానీ బీచ్ ఆలోచన మానుకోండి.

విశాఖలో ఎవరిని అడిగినా ముందు సముద్రమే చూపిస్తారు. ఉప్పునీటి అంచున నిలువు యాంటెన్నా అద్భుతంగా పనిచేస్తుందన్నది నిజమే, అయితే నీళ్లున్న వైపుకే. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, నీళ్లు ఆగ్నేయం వైపు ఉన్నాయి. యూరప్ ఉన్నది వాయవ్యంలో, ఉత్తరం నుంచి లెక్కపెడితే సుమారు 320 డిగ్రీల మీద. న్యూయార్క్ సుమారు 341. సముద్రానికి ఎదురుగా నిలబడితే ఈ రెండూ మన వీపు వెనకే ఉంటాయి.

ఇదెందుకు పట్టించుకోవాలంటే పాయింట్ల కోసం. సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్టు అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో మాటలతో, నవంబరు చివరి పూర్తి వారాంతంలో మోర్స్‌తో జరుగుతుంది. అందులో వేరే ఖండం స్టేషన్‌కు 3 పాయింట్లు, ఆసియాలోనే వేరే దేశమైతే 1, మన దేశమైతే సున్నా. బీచ్ నుంచి జపాన్ చక్కగా వినిపిస్తుంది. 58 డిగ్రీల మీద, సుమారు 5,900 కిలోమీటర్లు. గంటల తరబడి పిలుస్తూనే ఉంటారు, కానీ ఒక్కొక్కరికీ ఒక్క పాయింటే. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా ఓషియానియా కిందికి వస్తాయి కాబట్టి 3 ఇస్తాయి గానీ, యూరప్‌లో ఉన్నన్ని స్టేషన్లు అక్కడెక్కడివి?

దానికి తోడు కొండ. తెన్నేటి పార్కు దగ్గర కూర్చున్నారనుకోండి, వెనకే సుమారు 170 మీటర్ల కైలాసగిరి. అర కిలోమీటరు దూరం నుంచి చూస్తే దాని శిఖరం 18, 19 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. యూరప్ సిగ్నళ్లు ఎక్కువగా అంతకంటే కింది కోణాల్లోనే వస్తాయి. ఇక ఆర్కే బీచ్ రోడ్డులో హోటళ్ల ఎల్‌ఈడీ దీపాల వల్ల రేడియోలో రొద. అంత రొదలో బలహీనమైన స్టేషన్లు వినిపించవు. వినిపించనివాళ్లతో ఎన్ని వాట్లున్నా మాట్లాడలేం. జనం కొత్త రిగ్ (రేడియో సెట్టు) మీద పెట్టే డబ్బులో పదో వంతు రొద లేని చోటు వెతకడానికి పెట్టరు, అదే నాకు బాధ.

ఆనందపురం దాటి పద్మనాభం వైపు గానీ, సబ్బవరం వైపు గానీ వెళ్లి, వాయవ్యం వైపు తెరిపిగా ఉన్న ఏదైనా జీడిమామిడి తోటో కొబ్బరి తోటో చూసుకోండి. తూర్పు కనుమలు దూరంగా ఉంటాయి కాబట్టి పెద్దగా అడ్డురావు. యజమానిని ముందే అడగండి. కరెంటు మోటారు ఎప్పుడెప్పుడు వేస్తారో కూడా అడగండి, స్టార్టర్ దగ్గర నుంచి రొద వస్తుంది. చిన్న పోర్టబుల్ రేడియోలో ఏఎం పెట్టుకుని తోటంతా ఒకసారి తిరిగితే హైటెన్షన్ తీగల చిటపటలు ఎక్కడ ఎక్కువో తెలిసిపోతుంది.

అనుమతుల సంగతి రెండు ముక్కల్లో. లైసెన్సులో రాసిన చిరునామా కాకుండా బయటి నుంచి, వాహనం నుంచి ప్రసారం చేసే ముందు డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ లైసెన్సులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) నిబంధనలు చదివి, కావలసిన అనుమతి తీసుకోండి. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న ఊరు ఇది. డాల్ఫిన్స్ నోస్, యారాడ పరిసరాల్లో గడ పాతి తీగలు కట్టే పని పెట్టుకోకండి. ఎర్రమట్టి దిబ్బల్లో మేకులు కొట్టడం అసలే వద్దు, అది రక్షిత స్థలం. తోటలో ఉన్నా లైసెన్సు ఒరిజినల్ వెంట ఉంచుకుని, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ముందుగా చెప్పి వెళ్లండి.

యాంటెన్నాకు లింక్ డైపోల్ చాలు. రెండు వైపులా తీగ, మధ్యమధ్య బుల్లెట్ కనెక్టర్లతో లింకులు. లింకు విప్పితే తీగ పొట్టిదై పై బ్యాండుకు (ఎక్కువ మెగాహెర్ట్జ్‌కు) సరిపోతుంది. కేంద్రం నుంచి ఒక్కో వైపు 28.5 మెగాహెర్ట్జ్‌కు 2.5 మీటర్లు, 21.25కు 3.35, 14.2కు 5, 7.1కు 10 మీటర్ల దగ్గర లింకో చివరో రావాలి. ప్రతి ముక్కా పది సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, పై బ్యాండు నుంచి మొదలుపెట్టి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూసుకుంటూ కత్తిరించండి. కింది బ్యాండు నుంచి మొదలుపెడితే పైది సరిచేసినప్పుడల్లా కిందిది మారిపోతుంది. పీవీసీ తొడుగున్న తీగ వట్టి తీగ కంటే కాస్త పొట్టిగా తేలుతుంది, కంగారు పడకండి.

కేంద్రం 9, 10 మీటర్ల ఎత్తున ఉండాలి. ఫైబర్ గడ లేకపోతే మంచి వెదురు గడ సరిపోతుంది, మూడింట రెండు వంతుల ఎత్తులో మూడు వైపులా తాళ్లు కట్టండి. తీగ ఏ దిక్కుకు సాగాలన్నది ఎత్తు కంటే ముఖ్యం. డైపోల్ తన తీగకు అడ్డంగా ఉన్న వైపు ఎక్కువగా పంపుతుంది. కాబట్టి తీగను 50 నుంచి 230 డిగ్రీలకు, అంటే దాదాపు మన తీరానికి సమాంతరంగా కట్టండి. ఒక పక్క యూరప్, అమెరికా తూర్పు తీరం, రెండో పక్క ఇండోనేషియా, ఆస్ట్రేలియా వస్తాయి. తీగ కొసల వైపు పడేది ఒక్క పాయింటు జపాన్, పోతే పోనివ్వండి. ఫీడ్ పాయింట్ (యాంటెన్నాకు కేబుల్ కలిసే చోటు) దగ్గర 31 మిక్స్ ఫెర్రైట్ రింగు మీద కోయాక్స్ కేబుల్ ఓ పన్నెండు చుట్లు చుట్టి చోక్ పెట్టకపోతే, ప్రసార శక్తి కేబుల్ మీదుగా వెనక్కి వచ్చి, 100 వాట్ల మీద మైకు నొక్కినప్పుడల్లా ల్యాప్‌టాప్ కీబోర్డు బిగుసుకుపోవచ్చు.

ఇక అసలు దెబ్బ తినేది కరెంటు దగ్గర. అది ఎలా జరుగుతుందో ఒక సాయంత్రం పట్టుకుని చెప్తాను, ఎందుకంటే బయట స్టేషన్లు చాలావరకు ఇలాగే మూగబోతాయి. మధ్యాహ్నం పన్నెండుకు 21 మెగాహెర్ట్జ్ మీద మొదలుపెట్టారు. నిండుగా చార్జయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, మీటరులో 12.7. అంతా బాగుంది. నాలుగింటికి యూరప్ ఉధృతంగా పిలుస్తోంది, మీరు గంటకు అరవై మందికి జవాబిస్తున్నారు. ఐదింటికి ఒకరు నంబరు మళ్లీ చెప్పమంటారు. తర్వాత ఇంకొకరు. మీరు గొంతు పెంచుతారు, అవతల ఇంకా పాడవుతుంది. మైక్ గెయిన్ తిప్పుతారు, మైకు మారుస్తారు, తీగలు కదిలిస్తారు. వినడంలో ఏ తేడా లేదు కాబట్టి బ్యాటరీ మీద అనుమానమే రాదు. చివరికి గట్టిగా ఒక మాట అనగానే రిగ్ టప్పున ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది.

జరిగిందేమిటంటే, వినేటప్పుడు రిగ్‌కు ఒక ఆంపియరు చాలు, 100 వాట్ల మాట శిఖరాల్లో 20 నుంచి 22 కావాలి. చాలా రిగ్‌లకు కావలసింది 13.8 వోల్టులు, 15 శాతం అటూ ఇటూ, అంటే 11.7 కంటే దిగకూడదు. సగం వాడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 20 ఆంపియర్ల లోడు పడగానే 12 కిందికి జారుతుంది. దానికి తోడు వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు 7.4 మిల్లీఓమ్‌లు. బ్యాటరీకి, రిగ్‌కు మధ్య 3 మీటర్లంటే పోనూ రానూ 6 మీటర్లు, 20 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు వైరులోనే పోతుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్లయితే 0.37. మందులు రెండే. నాలుగు సెల్‌ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, లావు పొట్టి వైరు. వోల్టు మీటరు రిగ్ కనెక్టర్ దగ్గరే పెట్టి, మాట్లాడుతున్నప్పుడు చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కనిపించే అంకెను నమ్మవద్దు.

ఎంత బ్యాటరీ అంటారా? సమయంలో మూడో వంతు మాట్లాడుతూ, మిగతాది వింటూ ఉంటే సగటున 3.5 నుంచి 4 ఆంపియర్లు. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ పది గంటలొస్తుంది. 100 వాట్ల నుంచి 50కి దిగితే 3 డెసిబెల్సే, అవతలివాళ్ల మీటరులో అర గీత. మీ గ్రేడుకు లైసెన్సు తక్కువే అనుమతిస్తే బెంగపడనక్కర్లేదు. కాంటెస్టుల కోసం ప్రపంచాన్ని జోన్లుగా విభజించారు, మనది సీక్యూ జోన్ 22. మనతో పాటు శ్రీలంక, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు ఇందులో ఉన్నా, అంతటి నుంచీ కాంటెస్టుకు వచ్చే స్టేషన్లు కొద్ది. అందుకే వీయూతో మొదలయ్యే మన దేశపు కాల్‌సైన్ (స్టేషన్ పేరు) వినగానే వెతుక్కుంటూ వస్తారు.

కారు సంగతి. 7 మెగాహెర్ట్జ్‌కు కారు మీది రెండున్నర మీటర్ల కడ్డీ చాలా పొట్టి. శక్తిలో ఎక్కువ భాగం కాయిల్‌లో, బాడీ నష్టాల్లో వేడిగా పోతుంది. 28కి మాత్రం అదే కడ్డీ పూర్తి పావు తరంగం. కారైతే పగటిపూట 21, 28 మీదే ఉండండి. డిక్కీ, బానెట్, తలుపులు, సైలెన్సర్ గొట్టం బాడీకి అల్లిక తీగతో కలిపితే రొద తగ్గుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి రిగ్ నడపకండి, దాని ఫ్యూజు సాధారణంగా అంత కరెంటుకు సరిపోదు. నేరుగా బ్యాటరీ నుంచి, ప్లస్ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకోండి. ఆపిన కారులోనే చేయండి. తప్పక నడపాలంటే స్టీరింగ్ దగ్గర ఉన్నవాళ్లు మైకు, లాగ్ (మాట్లాడిన స్టేషన్ల జాబితా) ముట్టుకోకూడదు. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట అని అనుకునేవారు నియమాలు చూసుకోవాలి: సీక్యూ వరల్డ్ వైడ్‌లో పరికరాలన్నీ 500 మీటర్ల వ్యాసమున్న వృత్తంలో ఉండాలి.

బయటి నుంచి చేసేవాళ్లకు ఇందులో క్లాసిక్ ఓవర్‌లే అనే విభాగం బాగుంటుంది. 48 గంటల్లో 24 చేస్తే చాలు, ఒకే రిగ్, ఇంటర్నెట్ స్పాట్లు (ఎవరు ఎక్కడ వినిపిస్తున్నారో చెప్పే సమాచారం) వాడకూడదు. కాంటెస్టు మన టైము ప్రకారం శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:29కి ముగుస్తుంది. రెండు రోజులూ మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 వరకు 28, 21, 14 మీద యూరప్‌ను పట్టుకోండి. మిగిలిన నాలుగు గంటలు తెల్లవారుజామున 14 మీద అమెరికాకు ఉంచండి. బ్యాండు మార్చాలంటే గడ దించి లింకు తీయాలో పెట్టాలో కాబట్టి రోజుకు నాలుగైదు మార్పులకు మించవద్దు.

మార్పిడి చేసుకోవలసింది సిగ్నల్ రిపోర్టు, జోన్ నంబరు: "ఫైవ్ నైన్ ట్వంటీ టూ", అంతే. పేరు, ఊరు, వాతావరణం చెప్పడం మొదలుపెడితే వెనక పిలుస్తున్న ఇరవై మంది వెళ్లిపోతారు. జూలై రెండో పూర్తి వారాంతంలో జరిగే ఐఏఆర్‌యూ హెచ్‌ఎఫ్ చాంపియన్‌షిప్‌లో మాత్రం ఐటీయూ జోన్ (ఇది వేరే విభజన) ఇవ్వాలి, మనది 41. అలవాటులో 22 అనేస్తే అవతలివారి లాగ్ పాడవుతుంది.

కాల్‌సైన్ వెనక పోర్టబుల్, మొబైల్ అని కలపాలా వద్దా అన్నది మీ అనుమతిలో ఉన్నదాన్ని బట్టి ముందే తేల్చుకుని, చివరి దాకా అదే చెప్పండి. లాగ్‌లోనూ అచ్చం అదే ఉండాలి. సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా రాసుకుంటే తనిఖీలో మీ కాంటాక్టులు ఎగిరిపోతాయి. బయలుదేరే ముందు ల్యాప్‌టాప్ గడియారం ఫోన్‌తో సరిచూసి, లాగ్ యూటీసీలో (మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) పడుతోందో లేదో ఒక ఉత్తుత్తి ఎంట్రీ వేసి చూడండి. ప్రతి రెండు గంటలకు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి. ఫైలు క్యాబ్రిల్లో (కాంటెస్టు లాగ్‌లకు వాడే ప్రామాణిక ఫార్మాట్) రూపంలో, కాంటెస్టు ముగిసిన 5 రోజుల్లోగా పంపాలి. సోమవారం నిద్ర లేవగానే పంపేయండి.