ఒంగోలు కుర్రాడు ప్రొఫెషనల్ బాక్సర్ కావాలంటే ముందు అమెచ్యూర్‌లో (ఒలింపిక్స్ తరహా బాక్సింగ్‌లో) ఆడాలా?

తప్పనిసరేం కాదు, కానీ ఆడటమే మేలు. అమెచ్యూర్‌లో మూడు నిమిషాల రౌండ్లు మూడే. ప్రొఫెషనల్‌లో నాలుగుతో మొదలై టైటిల్ పోటీకి 12 దాకా పోతాయి, దమ్ము చాలా కావాలి. బాక్సర్ తన బరువు విభాగంలోనే ఉన్నాడా అని ఫైట్‌కు ముందురోజే తూకం వేస్తారు. అందాకా నెల్లూరు చేపల పులుసు, అన్నం మీద ఆశ వదులుకోవాల్సిందే!

విజేందర్ సింగ్‌నే చూడండి: 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2015లో ప్రొఫెషనల్, వరసగా 12 గెలుపులు, 2021లో గోవాలో తొలి ఓటమి. ఆ పతకం లేకపోతే ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్లు పిలిచేవారా? నాకైతే అనుమానమే.

ఇక డబ్బు. ప్రొఫెషనల్‌కు ఫైటుకింత అని ఇస్తారు, ఫైట్ లేకపోతే ఖాళీ జేబే. అమెచ్యూర్ పతకముంటే స్పోర్ట్స్ కోటా ఉంది. నిజామాబాద్ అమ్మాయి, 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగమే ఇచ్చింది.